తాగి దొరికినా తగ్గింపేనా?

మత్తులో కారు నడుపుతూ పట్టుబడి, కోర్టులో నేరం ఒప్పుకొని, జరిమానా కట్టి బయటపడిన పెద్దమనిషి మర్నాడే బీమా రెన్యువల్‌కు కూర్చున్నాడనుకోండి. కంపెనీ అతణ్ని అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: పోయిన ఏడాది క్లెయిమ్ ఏమైనా చేశారా? లేదంటే నో క్లెయిమ్ బోనస్ కింద తగ్గింపు ఖాయం. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంలో సగం తగ్గిపోతుంది. ఆ ఐదేళ్లలో అతగాడు మూడుసార్లు డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికినా ఈ లెక్క మారదు. థర్డ్ పార్టీ ప్రీమియం సంగతి మరీ విడ్డూరం. వెయ్యి దాటి 1,500 సీసీ లోపు ప్రైవేటు కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన రూ.3,416 చుక్క ముట్టనివాడికీ అంతే, శిక్ష పడిన తాగుబోతుకూ అంతే. ఇంజిన్ ఎన్ని సీసీలో ఆరా తీసే బీమా వ్యవస్థకు స్టీరింగ్ పట్టే మనిషి నేరచరిత్ర పట్టదు. దీన్ని నేరస్థుడికి ఇస్తున్న రాయితీ అనక తప్పదు.

చట్టంలో కాఠిన్యానికి లోటేమీ లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు లేదా రూ.15 వేల జరిమానా, లేదా రెండూ. ఈ నేరానికి శిక్ష వేసిన కోర్టు దోషిని కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ని చేసి తీరాలని సెక్షన్ 20 చెబుతోంది. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ కూడా ఇలాంటి కేసుల్లో కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. అయినా దోషి దృష్టిలో జరిమానా రసీదు చేతికొస్తే కేసు ముగిసినట్టే. లైసెన్సు పోయినా కారు తాళాలు ఇంట్లోనే వేలాడుతుంటాయి. మళ్లీ ఎవరైనా ఆపి అడిగేదాకా ఆ అనర్హత కాగితం మీదే ఉంటుంది.

బీమా కన్నెర్ర చేసేది ప్రమాదం జరిగాకే. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ధ్వంసమైన పోర్షే కారు కేసులో సుప్రీంకోర్టు 2021లో తీర్పిచ్చింది. రక్త పరీక్ష, శ్వాస పరీక్ష జరగకపోయినా, డ్రైవర్ మత్తులో ఉన్నట్టు ఇతర ఆధారాలు చూపితే కంపెనీ పరిహారం నిరాకరించవచ్చని తేల్చింది. యజమానే తాగి నడిపి చనిపోతే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా అతడి కుటుంబానికి దక్కదు. రోడ్డున పోతూ బలైనవారికి మాత్రం కంపెనీ ముందు చెల్లించి, ఆనక వాహన యజమాని నుంచి రాబట్టుకోవాలి. న్యాయమైన ఏర్పాటే. కానీ అలా నిజంగా వసూలైంది ఎంతో కంపెనీలు ఏటా బయటపెట్టాలి. వసూలు కాని సొమ్ము చివరికి మిగతా పాలసీదారుల నెత్తినే పడుతుంది.

అమెరికాలో ఈ వ్యవహారం శిక్షతో ముగిసిపోదు. కాలిఫోర్నియాలో దోషి ఉద్యోగానికి వెళ్లిరావడానికి పరిమిత లైసెన్సు తెచ్చుకోవచ్చు. అది ఊరికే రాదు. అతడికి బీమా ఉందని కంపెనీయే ఎస్ఆర్-22 అనే ధ్రువపత్రాన్ని రవాణా శాఖకు సమర్పించాలి. పాలసీ ఆగిపోతే ఆ కబురూ కంపెనీయే చేరవేస్తుంది, లైసెన్సుకు మళ్లీ ఎసరు. కొన్ని కేసుల్లో ఊదితే తప్ప ఇంజిన్ స్టార్ట్ కాని ఇంటర్‌లాక్ పరికరమూ తప్పదు. మంచి డ్రైవర్లకిచ్చే తగ్గింపు పదేళ్లపాటు దక్కదు. అక్కడున్న మన విద్యార్థులకు ఇంకో భయం కూడా ఉంది: శిక్ష దాకా అక్కర్లేదు, తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, వీసా రద్దు కావచ్చు. అందుకే డాలస్‌లో పార్టీ ముగియగానే బుద్ధిగా క్యాబ్ పిలిచే కుర్రాడు, సంక్రాంతికి ఊరొచ్చి నాలుగు పెగ్గుల తర్వాత తమ్ముడి కారు తాళాలు అందుకుంటాడు.

ఇక్కడా ఆలోచన లేకపోలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం ట్రాఫిక్ ఉల్లంఘనలను ప్రీమియంతో ముడిపెట్టాలని 2021 జనవరిలో నివేదించింది. మద్యం మత్తుకు 100 ఉల్లంఘన పాయింట్లు, తప్పుడు పార్కింగ్‌కు 10. ముందుగా ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాలన్నది. ఆ తర్వాత అది ఆచరణలోకి రాలేదు. ఆ నివేదికలోనూ ఒక లొసుగుంది: భారాన్ని నడిపిన మనిషి మీద కాక వాహనం మీద మోపింది. అద్దె కారు, ఆఫీసు కారు, బావమరిది కారు నడిపేవాడు హాయిగా తప్పించుకుంటాడు.

క్యాబ్ డ్రైవర్ లైసెన్సు లాక్కుంటే అతడి ఇంట్లో పొయ్యి వెలగదన్న వాదనను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. తొలిసారి దొరికి, ఎవరికీ గాయం చేయనివాడికి, అనర్హత గడువులో కొంత కాలం గడిచాక ఇంటర్‌లాక్‌తో, బీమా కంపెనీ పూచీతో పనికి మాత్రమే పరిమితమైన లైసెన్సు ఇచ్చేలా చట్టాన్ని సవరించవచ్చు. రెండోసారి దొరికినవాడికి ఆ వెసులుబాటు కూడదు. శిక్ష పడిన ఎవరికైనా కనీసం ఐదేళ్లు నో క్లెయిమ్ బోనస్ నిలిపేయాలి, థర్డ్ పార్టీ ప్రీమియం పెంచాలి, ఆ భారం లైసెన్సు నంబరు వెంటే నడవాలి. ఇందుకు కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. లైసెన్సుల వివరాలు రవాణా శాఖ కంప్యూటర్లలోనే ఉన్నాయి. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది వారాంతపు తనిఖీల్లో మందుబాబులు బారులు తీరే హైదరాబాద్‌లోనే. ఆ సంస్థ 2021 నాటి నివేదికను సరిదిద్ది, అమలు తేదీని ఈ ఆర్థిక సంవత్సరంలోనే ప్రకటించాలి.