లిటరేచర్ చదివితే ఉద్యోగమొస్తుందా?

‘లిటరేచర్ చదివి ఏం చేస్తావ్?’ ఈ ప్రశ్న మన ఇళ్లలోనే కాదు, షేక్‌స్పియర్ పుట్టిన దేశంలోనూ గట్టిగానే వినిపిస్తోంది. ఇంగ్లండ్‌లో మన ఇంటర్ లాంటిది ఎ-లెవెల్. 16 ఏళ్ల తర్వాత రెండేళ్లు చదువుతారు, సాధారణంగా మూడే సబ్జెక్టులు. ఉన్నవే మూడు కాబట్టి దేన్ని తీసుకున్నా కెరియర్ లెక్క చూసుకుంటారు. 2022 ఫలితాల నాటికి ఇంగ్లిష్ లిటరేచర్ తొలిసారి టాప్ 10 నుంచి జారిపోయింది. 2024లో మ్యాథ్స్ ఎంట్రీలు మాత్రం లక్ష దాటాయి.

భయం ఎక్కడిది?

పదహారేళ్ల లోపు రాసే జీసీఎస్ఈలో పుస్తకం చూడకుండా కొటేషన్లు బట్టీ పట్టాల్సి రావడంతో ఆసక్తి చచ్చిపోతోందని అక్కడి టీచర్లు చాలామంది అంటున్నారు. రెండో కారణం ఉద్యోగ భయం. 2022లో షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీ విడిగా ఉన్న ఇంగ్లిష్ లిటరేచర్ డిగ్రీని ఆపాలని నిర్ణయించింది. అదే ఏడాది ఉన్నత విద్య నియంత్రణ సంస్థ ఒక గీత గీసింది. కోర్సు పూర్తయిన 15 నెలలకు కనీసం 60 శాతం మంది నైపుణ్యమున్న ఉద్యోగాల్లోనో, పైచదువుల్లోనో ఉండాలి. జర్నలిజం, పబ్లిషింగ్ లాంటి రంగాల్లో నిలదొక్కుకోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టొచ్చు. ఆ సంగతి ఈ లెక్కకు అందదు.

అసలేం నేర్పుతారు?

ఇది స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కాదు. ఎ-లెవెల్‌లో ఇంగ్లిష్ లాంగ్వేజ్ వేరే సబ్జెక్టు. లిటరేచర్‌లో కనీసం 8 రచనలు చదవాలి. వాటిలో మూడు 1900కు ముందువి, అందులో ఒకటి షేక్‌స్పియర్‌ది. మరొకటి 2000 తర్వాత వచ్చినది. 80 శాతం మార్కులు పరీక్షలకు, 20 శాతం కోర్సువర్క్‌కు. పరీక్షలో ముందెప్పుడూ చూడని భాగం కూడా ఇస్తారు. కథ తిరగరాస్తే మంచి మార్కులు రావు. మీ వాదనేంటి, ఏ మాటలు దానికి ఆధారం, ఆ కాలం పరిస్థితేంటి, ఇదే రచనను ఇంకొకరు ఎలా అర్థం చేసుకోవచ్చు... ఇవే చూస్తారు.

మరి మీరేం చేయాలి?

‘బీఏ లిటరేచర్ చేస్తే ఇంగ్లిష్ దానంతటదే వచ్చేస్తుంది’ అనుకోవడం ఒక పొరపాటు. ‘టెక్నికల్ కోర్సు చేశాం, ఇవన్నీ మనకెందుకు’ అనుకోవడం ఇంకో పొరపాటు. సివిల్స్ మెయిన్స్‌లో ఎస్సే పేపరుకు 250 మార్కులు. గ్రూప్ డిస్కషన్‌లో ఇచ్చే టాపిక్ కూడా ముందు చూడనిదే. పైగా సారాంశం రాసిపెట్టడం ఇప్పుడు ఏఐ కూడా చేస్తోంది. అది రాసింది సరైందో కాదో తేల్చేవాళ్లకే విలువ.

దీనికి ఫీజు కట్టక్కర్లేదు. రోజూ ఒక ఇంగ్లిష్ ఎడిటోరియల్ తీసుకోండి. రచయిత ఏమంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ మాటను ఏ ఆధారం నిలబెడుతోందో గుర్తించండి. కాదనేవాళ్లు ఏమంటారో ఊహించండి. ఆపైన 150 పదాల్లో మీ అభిప్రాయం రాయండి. మూడు నెలలు చేస్తే, ఇంటర్వ్యూలో చూపించడానికి బాగా వచ్చిన నాలుగైదు రచనలు మీ చేతిలో ఉంటాయి.

ఇప్పటికే లిటరేచర్ చదువుతున్నారా? మానేయకండి, కానీ దానొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి. టీచింగ్ ఇష్టమైతే డీఎస్సీ, పీజీ తర్వాత నెట్ ఉన్నాయి. పైచదువులకు హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది. లేదంటే అనువాదం, ఎడిటింగ్, లా... వీటిలో ఒకదాన్ని జోడించుకోండి. సబ్జెక్టు పేరు చూసి ఉద్యోగమివ్వరు. దాంతో మీరేం చేయగలరో చూసి ఇస్తారు.