దాతలున్నారు, ధర్మకర్తలు కావాలి

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడి గోడల మీద శాసనాలు నిండుగా ఉన్నాయి. వాటిలో అఖండ దీపాలకు చేసిన దానాలు ఎన్నో. ఆ పొరుగునే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఈ శాసనాలను పట్టుదలగా చదివి, వాటిపై రాశారు కూడా. దాత ఇచ్చింది ఒక్కసారే, దీపం మాత్రం రోజూ వెలగాలి. నెయ్యి అందుతోందా, సొమ్ము అనుకున్న పనికే పోతోందా అని కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకపోతే దానం రాతి మీదే మిగిలిపోతుంది. ఈ సంగతి నాడు ఎంత నిజమో నేడూ అంతే నిజం.

శ్రీముఖలింగం చుట్టుపక్కలే కాదు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలంతటా దానగుణానికి లోటు లేదు. గుడి మెట్టు మీద, బడి గేటు మీద, ఫ్యాను రెక్క మీద దాతల పేర్లు కనిపిస్తాయి. కొరతంతా జీతం ఆశించకుండా ఆ సంస్థల బాధ్యత మోసే మనుషులకే. ట్రస్టు బోర్డులోకో సొసైటీ కార్యవర్గంలోకో రమ్మంటే ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని తప్పుకునేవారే ఎక్కువ. ఈ సేవ వల్ల సంస్థకు ఎంత మేలో, చేసేవారికీ అంత మేలు. ఆ రెండో సంగతి మనం చెప్పుకోవడం లేదు.

రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి. లెక్కలు ఆడిట్ చేయించాలి. కార్యవర్గం వివరాలు రిజిస్ట్రార్‌కు పంపాలి. దాతలకు పన్ను మినహాయింపు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు చెల్లుబాటులో ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలన్న నిబంధన వచ్చింది. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇచ్చిన విరాళానికి మినహాయింపు దక్కదు. ఇవి తెలిసినవారు ఒక్కరున్నా బోర్డుకు పెద్ద అండ. ఎవరూ లేకపోతే ఎంత మంచి ఉద్దేశంతో పెట్టిన సంస్థ అయినా కాగితాల దగ్గరే కుంటుపడుతుంది.

ధర్మకర్తగా కూర్చున్నవారికి ముందుగా దక్కేది అనుభవం. కామర్స్ డిగ్రీ చదివిన యువకుడు తరగతిలో నేర్చుకున్న ఆస్తి అప్పుల పట్టీని ఇక్కడ నిజం సొమ్ముతో చూస్తాడు. కొటేషన్లు పిలవడం, బ్యాంకు ఖాతాపై ఉమ్మడి సంతకం పెట్టడం, తీర్మానం రాయడం నేర్చుకుంటాడు. రిటైరైన ప్రధానోపాధ్యాయుడికి దశాబ్దాల అనుభవాన్ని వినియోగించే చోటు దొరుకుతుంది. సరుకుల ధరలు తెలిసిన వ్యాపారి ఒక్క సమావేశంలోనే సంస్థకు వేల రూపాయలు ఆదా చేయగలడు. వీళ్లంతా వేర్వేరు వీధులవారు, వేర్వేరు కులాలవారు, వేర్వేరు పార్టీలవారు. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే పని గురించి మాట్లాడే సందర్భాలు మన ఊళ్లలో తగ్గిపోతున్నాయి. ఒప్పించడం, ఒప్పుకోవడం, ఒప్పుకోనప్పుడు తన అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో రాయించి సభ్యుడిగా కొనసాగడం ప్రజాస్వామ్యానికి మంచి శిక్షణ.

ఈ శిక్షణ ఇప్పటికే పొందినవారు మన మధ్య ఉన్నారు. పొదుపు సంఘాల మహిళలు ఏళ్ల తరబడి సమావేశాలు పెట్టి, పుస్తకాలు రాసి, బ్యాంకు అప్పులు తెచ్చి తీర్చారు. అయినా ట్రస్టు బోర్డు అనగానే వాళ్ల పేర్లు గుర్తుకు రావు. ఆలయ పాలకమండళ్లలో సగం స్థానాలు మహిళలకు దక్కేలా 2019లో దేవాదాయ చట్టాన్ని సవరించారు. మిగతా సేవాసంస్థలు చట్టం చెప్పేదాకా ఆగనక్కర్లేదు. ఈ వెలితి మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ధర్మకర్తలపై 2017లో వెలువడిన అధ్యయనం ఒక్కో మహిళకు ఇద్దరేసి మగవారు ఉన్నారని తేల్చింది.

కుర్చీని బాధ్యతగా కాక పదవిగా చూస్తే ఏమవుతుందో ఈ ప్రాంతం చూసింది. విజయనగరంలో పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టును స్థాపించి విద్య కోసం వేల ఎకరాలు అప్పగించారు. 2020లో దాని అధ్యక్ష స్థానం వివాదమై హైకోర్టుకెక్కింది. 2021 జూన్‌లో తీర్పు వచ్చింది. జీతాల కోసం సిబ్బంది ఆందోళనకు దిగిందీ ఆ ఏడాదే. పైన కుర్చీ ఊగితే కింద తరగతి గదిదాకా ఆ కుదుపు తెలుస్తుంది. సంస్థ చిన్నదైనా ఇందులో తేడా ఉండదు. ప్రభుత్వం మారగానే ఆలయ పాలకమండళ్లు మారడం కూడా మనకు అలవాటైపోయింది. నిస్వార్థంగా పనిచేసేవారు దూరంగా ఉంటే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. పదవి కోరేవారే దాన్ని నింపుతారు.

అందుకే రెండు వైపుల నుంచీ ప్రయత్నం జరగాలి. సంస్థలు ఖాళీలను ఊరందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఏటా లెక్కలు నోటీసు బోర్డులో అంటించాలి. సభ్యత్వానికి గడువు పెట్టుకోవాలి. ముప్పై ఏళ్ల లోపువారికి ఒక్క స్థానమైనా ఇవ్వాలి. సభ్యుల బంధువులకు సంస్థ పనులు కట్టబెట్టకూడదని నియమావళిలోనే రాసుకోవాలి. చేరదలచినవారు కూడా కళ్లు మూసుకుని సంతకం పెట్టకూడదు. నియమావళి, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, మినిట్స్ పుస్తకం అడిగి చూడాలి. చూపించనంటే చేరకపోవడమే మంచిది. చూపిస్తే, నెలకు ఒక సాయంత్రం ఇవ్వడానికి వెనకాడకూడదు. ఈ జిల్లాలలోని సేవాసంస్థలకు మరో విరాళం కంటే ఆ సాయంత్రమే ఎక్కువ అవసరం.