చమురు వెల, సుంకపు వాత

చమురు వెల పెరిగినపుడు లోకవిపణిని చూపుటయు, తగ్గినపుడు బొక్కసపు లోటును చూపుటయు మన పాలకులకు పరిపాటియైనది. ఏ పార్టీ గద్దెనెక్కినను ఈ పాఠము మారలేదు.

2010 జూనులో పెట్రోలుపై, 2014 అక్టోబరులో డీజిలుపై ధరల నియంత్రణము తొలగినది. ఇక విపణితోపాటు వెల హెచ్చును, తగ్గును అని నాడు నమ్మబలికిరి. 2014 నడిమికాలమున పీపా 100 డాలర్లకు పైనుండిన ముడిచమురు 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువకు జారెను. ఆ లాభము ప్రజలకు దక్కెనా? 2014 నవంబరు మొదలు ఆ జనవరి వరకు కేంద్రము 9 మారులు సుంకము పెంచి, లీటరు పెట్రోలుపై 11 రూపాయలకు పైగా, డీజిలుపై 13 రూపాయలకు పైగా అదనముగా రాబట్టెను. 2020 మే నెలలో, మహమ్మారికి వెరచి జనులు ఇల్లు కదలకున్న వేళ, పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయలు ఒక్క రాత్రిలో వడ్డించిరి. 2021, 2022లలో కొంత దించిరి, కాదనము. రాష్ట్రప్రభుత్వములును ఈ పంక్తిలో కూర్చున్నవే.

2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు పెట్రోలు, డీజిలు దాని వెలుపలనే నిలిచినవి. కావున లారీ యజమాని డీజిలుపై కట్టిన పన్నును మరియొక పన్నులో తగ్గించుకొనజాలడు, బాడుగలో కలుపును. అది ఉప్పులో, పప్పులో, సిమెంటులో చేరి తుదకు కొనువాని నెత్తికెక్కును. రైతు మాత్రము దుక్కికూలిని ధాన్యపు వెలలో కలుపుకొనలేడు; ఆ వెల నిర్ణయించువాడు అతడు కాడు. కాకినాడ మరపడవవాని గతియు నంతే.

మన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి దిగుమతియే. వెల హెచ్చినగాని వాడుక తగ్గదు. 1991లో బంగారము తాకట్టు పెట్టిన సంగతి మరచితిరా యని కొందరందురు. మరువలేదు. గల్ఫు సంక్షోభమున చమురు ప్రియమై, విదేశద్రవ్యము అడుగంటి, సుమారు 47 టన్నుల బంగారము కుదువబెట్టవలసివచ్చెను. కాని వేరొక దారి గలవాడే వాడుక తగ్గించుకొనగలడు. కారు వదలి బస్సెక్కగలవానికిని, ట్రాక్టరు తప్ప గతిలేనివానికిని ఒకే మందు పోయుట ఏమి వైద్యము?

చవుక దినములలో రాబట్టిన సుంకమును వేరుగా నిలువచేసి, ప్రియమైన దినములలో డీజిలు వెల దించుటకును, పల్లెలకు బస్సులు నడుపుటకును వెచ్చింపవలెను. ఆ లెక్కను ఏటేట చట్టసభ ముందుంచుడని మేము అడుగుచున్నాము.