బీరువాలో కెమెరా

"బావా, నలభై వేలు పక్కన పెట్టా. ఏ కెమెరా కొనమంటావ్?"

గిద్దలూరు నుంచి మా బావమరిది ఫోను. వాళ్ల పాపకి ఏడో నెల. మా అత్తగారికి డెబ్బై దాటాయి. "అమ్మా, పాపా కలిసున్న ఫొటోలు సెల్లులో వందలున్నాయి బావా. ఫ్రేము కట్టించేలా ఒక్కటీ లేదు" అన్నాడు.

చప్పున జవాబు చెప్పలేకపోయాను. కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట ఇదే ఉత్సాహంతో నేనూ ఒక డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. ఎక్కువ మెగాపిక్సెళ్లు, రెండు లెన్సులు, ట్రైపాడ్, పెద్ద బ్యాగు... ఏదీ వదల్లేదు. దాన్ని భుజాన వేసుకుని మార్కాపురంలో మా నాయనమ్మ దగ్గరికి వెళ్లా. దీపాలు పెట్టే వేళ. నులకమంచం మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తోంది. ఎన్నిసార్లు నొక్కినా ఫొటో అలికినట్టే వచ్చింది. ఫ్లాష్ వేస్తే మొహం సున్నం కొట్టినట్టుంది. 'మళ్లీ వచ్చినప్పుడు తీద్దాంలే' అనుకుని బ్యాగులో పెట్టేశా. ఆ తర్వాత బరువనీ, దుమ్మనీ కెమెరా బీరువాలోనే ఉండిపోయింది. మరుసటి సంక్రాంతికి నాయనమ్మ లేదు. ఇప్పుడు మా గోడమీదున్నది ఏదో కార్డు కోసం తీయించిన చిన్న ఫొటోని పెద్దది చేయించింది.

తప్పు కెమెరాది కాదు. నాకేం కావాలో తెలుసుకోకుండా కొన్నాను. అందుకే మా బావమరిదిని ఎదురు ప్రశ్న వేశా... "నువ్వు ఎక్కువగా దేన్ని ఫొటో తీస్తావు?"

ముందు లెన్సు, తర్వాతే బాడీ

కెమెరాతోపాటు ఇచ్చే 18-55 లెన్సు చెడ్డదేం కాదు. రాచర్ల మండలంలోని నెమలిగుండ్ల జలపాతమైనా, మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి గోపురమైనా పగటి వెలుగులో దానితో హాయిగా తీయొచ్చు. చిక్కల్లా సాయంత్రం పూట ఇంట్లోనే. లెన్సు మీద ఎఫ్ అనే అక్షరం పక్కన ఒక అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ లెన్సు కన్ను పెద్దదవుతుందన్నమాట. 18-55ని చివరిదాకా జూమ్ చేస్తే ఆ అంకె 5.6. అదే ఎఫ్/1.8 లెన్సయితే అంతకు దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి వస్తుంది. నాయనమ్మ ఫొటో రోజు నాకు కావలసింది అదే. ఆ బ్యాగులో లేనిదీ అదే.

ఈ రకంలో 50 మిల్లీమీటర్ల లెన్సు చాలామంది కొంటారు. ఆరుబయట మొహాలు తీయడానికి అది చక్కగా ఉంటుంది. కానీ తొలిసారి కొనే డీఎస్‌ఎల్‌ఆర్‌లలో సెన్సర్ చిన్నది. మూడు మీటర్ల దూరంలో నిలబడినా ఒకటిన్నర మీటర్ల వెడల్పు కూడా పట్టదు. మన ఇళ్లలోని చిన్న గదులకి 35 నయం.

కంభం చెరువు దగ్గర పక్షుల్ని తీయాలన్న కోరిక ఉంటే లెక్క వేరు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన ఆ చెరువుని 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తించారు. అంత విశాలమైన నీళ్లలో దూరాన ఉన్న కొంగని పట్టాలంటే 250 లేదా 300 దాకా వెళ్లే జూమ్ కావాలి. ఏడాదికి రెండుసార్లే వెళ్తామనుకుంటే మాత్రం అది ఇప్పుడే కొనొద్దు.

పాతదైనా పర్లేదు

2003లో కానన్ 300డి వెయ్యి డాలర్లలోపు ధరకి వచ్చాక డీఎస్‌ఎల్‌ఆర్ మామూలు ఇళ్లవైపు చూసింది. ఇప్పుడు కంపెనీల చూపంతా లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదే. కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడళ్లు రావడం దాదాపు ఆగిపోయింది. అటు మారినవాళ్లు తమ పాతవి అమ్మేస్తున్నారు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టే మనలాంటివాళ్లకి అదీ మేలే. 2018లో వచ్చిన నికాన్ డి3500, కానన్ 1500డి రెండూ 24 మెగాపిక్సెళ్లవి. 12×8 అంగుళాల ఫొటో చక్కగా అచ్చు వేయించడానికి 9 చాలు!

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

* ఇప్పటికి ఎన్ని క్లిక్కులు నొక్కారో అడగండి. ఈ తరహా కెమెరాల షట్టర్‌కి సాధారణంగా చెప్పే లెక్క లక్ష.
* లెన్సులోకి టార్చిలైటు వేసి చూడండి. సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే అది బూజు. తీసుకోవద్దు.
* ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టే.
* నికాన్ డి3500 లాంటివాటి బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉండాలి. చౌకగా వస్తోందని పాత 'డి' రకం లెన్సు కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే.

పలక చెప్పే పాఠం

కెమెరా కొన్నాక మొదటి పాఠానికి మార్కాపురం పలకని మించిన గురువు లేదు. ఫొటో నిండా నల్లపలకే ఉండేలా తీయండి. బూడిదరంగులో వస్తుంది. తెల్లపంచెని తీయండి. అదీ బూడిదే! కెమెరా తన ముందున్నదాన్ని నలుపూ తెలుపూ కాని మధ్యరకంగా లెక్కేసుకుంటుంది మరి. ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఉన్నది దీనికే. పలకకి మైనస్, పంచెకి ప్లస్. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి మొహం నల్లగా వస్తే అప్పుడూ ప్లస్సే. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే సగం విద్య వచ్చినట్టే.

పలకల కార్ఖానాల దగ్గర లెన్సు మార్చొద్దు. ఆ పొడి నేరుగా సెన్సర్ మీద కూర్చుంటుంది. ఇంట్లోనైనా ఫ్యాను ఆపి, కెమెరా మూతి కిందికి వంచి మార్చండి. వానాకాలంలో గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచండి. అన్నిటికన్నా ముఖ్యం, వాడుతూ ఉండండి.

మా బావమరిది వాడిన డి3500 ఒకటి, ఎఫ్/1.8 ఉన్న 35 లెన్సు ఒకటి కొన్నాడు. అనుకున్న డబ్బులో ఇంకా మిగిలింది కూడా. మూడు వారాలకి మా ఇంటికి కవరొచ్చింది. వాట్సాప్ కాదు, అచ్చు వేయించిన ఫొటో! సాయంత్రం వెలుగులో గుమ్మం దగ్గర కూర్చున్న మా అత్తగారు, ఆవిడ కళ్లజోడు లాగేస్తున్న పాప. పాప చెయ్యి కొంచెం కదిలింది. మొహాలు మాత్రం తేటగా ఉన్నాయి. మా ఆవిడ దాన్ని చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి బీరువాలోంచి నా కెమెరా తీశాను. లెన్సులోకి టార్చి వేసి చూస్తే నిండా బూజు.

మీరు కెమెరా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఈ ఆదివారం సాయంత్రం మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని గుమ్మం దగ్గర, వెలుతురువైపు మొహం పెట్టి కూర్చోమనండి. చేతిలో ఉన్న ఫోనుతోనైనా సరే, ఒక్క ఫొటో తీసి అచ్చు వేయించండి.