రఫత్ పేరు ఎక్కడ?

జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డను చంకనేసుకొని ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సెక్కే తల్లికి నీలోఫర్ అంటే ఆసుపత్రి. ముప్పై కిలోమీటర్లు దాటి రెడ్ హిల్స్‌లో దిగి చీటీ రాయించుకోవాల్సిన చోటు. అది ఒక మనిషి పేరని తెలిసినవాళ్లు చెప్పే కథ మాత్రం ఎప్పుడూ ఒకటే: టర్కీ నుంచి వచ్చిన అందాల రాకుమారి, ఆమె చీరలు, ఆమె నగలు, పనిమనిషి కాన్పులో చనిపోతే కరిగిపోయిన ఆమె మనసు. ఆదివారం అనుబంధాలకు ఇంతకన్నా ఇష్టమైన కథ లేదు. హక్కుల గురించి మాట్లాడే మనం కూడా ఈ కథనే అప్పజెప్పడం నాకు మింగుడుపడదు.

అసలు ఆమె ఇక్కడికి ఎట్లా వచ్చింది? 1924లో టర్కీ ఖిలాఫత్‌ను రద్దుచేసి ఉస్మానియా వంశాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. ఫ్రాన్స్‌లో తలదాచుకున్న ఖలీఫాకు నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు మూడు వందల పౌండ్ల భరణం ఇచ్చేవాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిజాం ఇద్దరు కొడుకులకూ పెళ్లిళ్లు చేశారు. ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ పెద్ద కొడుకు ఆజం జాకు, అదే వంశపు నీలోఫర్ చిన్న కొడుకు మొఅజ్జం జాకు. ఒక పక్క డబ్బు, ఇంకో పక్క వంశం పేరు. మధ్యలో ఇద్దరు ఆడపిల్లలు. పెళ్లినాటికి 1916లో పుట్టిన నీలోఫర్‌కు పదిహేనేళ్లు! ఇవాళయితే మనం పోలీసులకు ఫోన్ చేసే వయసు. అంతఃపురం కాబట్టి దాన్ని ప్రేమకథలాగా రాసుకుంటున్నాం.

ఆమె రాణి కూడా కాలేదు. రాణి కావలసిన పెద్ద కోడలి భర్తకే గద్దె దక్కలేదు, నిజాం మనవణ్ణి వారసుడిగా ఎంచుకున్నాడు. దుర్రు షెహ్వార్ కొడుకులను కన్నది కాబట్టి ఆ ఇంట్లో ఆమెకో స్థానం మిగిలింది. నీలోఫర్‌కు పిల్లలు పుట్టలేదు. 1948లో భర్త మరో పెళ్లి చేసుకున్నాడు, 1952లో విడాకులు. ఆమె పారిస్ చేరుకొని, తర్వాత మళ్లీ పెళ్లి చేసుకొని, 1989లో అక్కడే చనిపోయింది. పుట్టింటివాళ్లే దేశంలేని వాళ్లయిన పిల్ల, పరాయి భాష మధ్య, "ఇంకా కడుపు పండలేదా" అన్న చూపుల మధ్య పదిహేడేళ్లు గడిపి సవతిని చూసింది. మన దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చే ఏ కేసుతోనైనా పోల్చండి, నగలు తప్ప తేడా కనబడదు.

ఇక రఫత్. నీలోఫర్ దగ్గర పనిచేసిన మనిషి. 1949లో కాన్పు కష్టమై, అందాల్సిన వైద్యం అందక చనిపోయింది. 1937లో అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన మనిషి కోడలి ఇంట్లో! రాజధానిలో, అంతఃపురపు గడపలోనే ఇట్లా ఉంటే మెదక్ పల్లెల్లో బాలింతల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. నీలోఫర్ కదిలింది, పట్టుబట్టింది, 1953లో వంద పడకల ఆసుపత్రి వచ్చింది. ఆమె చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ చావును దయ అనే మాటతో కప్పేస్తే, కాన్పులో ప్రాణం నిలవడం ఎవరో గొప్పింటామె పుణ్యం అయిపోతుంది. డెబ్బై ఏళ్లకు పైగా ఆ ఆసుపత్రిని నడుపుతున్నది ప్రజలు కట్టే పన్నులు, నర్సుల, ఆయాల రెక్కల కష్టం.

దయకూ హక్కుకూ ఉన్న తేడా ఇస్నాపూర్, పాశమైలారం ఫ్యాక్టరీ గేట్ల దగ్గర బాగా తెలుస్తుంది. ఒడిశా నుంచో, బీహార్ నుంచో మొగుడి వెంట వచ్చి ఒంటిగది అద్దె ఇంట్లో ఉంటూ పనికిపోయే పిల్లకు తల్లి దగ్గర లేదు, భాష రాదు. నెలలు నిండగానే సూపర్‌వైజరు "ఇంట్లో కూర్చో" అంటాడు. పురుడయ్యాక మళ్లీ పనిలో పెట్టుకుంటే అదే గొప్ప దయ అనుకోమంటారు. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నాటిది. 2017లో మొదటి రెండు కాన్పులకు జీతంతో సెలవు 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఈఎస్‌ఐ ఉన్నచోట డబ్బు అక్కడి నుంచి రావాలి. కంట్రాక్టరు ఎవరైనా ఆ చందా కట్టే బాధ్యత అసలు యజమానిదే. ఇంతా ఉండి, ఆమె పేరు ఏ హాజరు పుస్తకంలోనూ లేకపోతే ఆ 80 రోజులు లెక్కపెట్టేదెవరు?

కాబట్టి రెండు అర్జీలు పెడదాం. ఒకటి వైద్యశాఖకు: నీలోఫర్‌లో కనీసం ఒక కాన్పు వార్డుకు రఫత్ పేరు పెట్టాలని. రెండోది కార్మికశాఖకు: ఇస్నాపూర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్ల పేర్లు, వాళ్లు పనిచేసిన రోజులు, ఈఎస్‌ఐ నంబర్లు గేటు దగ్గర అందరికీ కనబడేట్టు అంటించాలని. తెలుగులోనే కాదు, హిందీలో, ఒడియాలో కూడా.