80 దినముల లెక్క

1961 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టమును నిదానముగా చదివినవారెవరును అందలి అర్హతా నిబంధన కఠినమైనదని అనజాలరు. ప్రసవమగునని చెప్పిన తేదీకి ముందటి 12 మాసములలో ఆ స్త్రీ తన యజమాని వద్ద 80 దినములు పనిచేసియుండిన చాలును. తొలుత 160గా నున్న ఈ సంఖ్యను 1988 సవరణ సగము చేసినది. వేతనముతో కూడిన సెలవులును, పనిలేదని యాజమాన్యమే ఆపివేసిన లే-ఆఫ్ దినములును ఇందులో చేరును. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికి వచ్చినను ఈ 80 మారలేదు. 2017లో సెలవు 12 వారముల నుండి 26కు పెరిగినది, ఇదివరకే ఇద్దరు బిడ్డలున్న తల్లికి మాత్రము 12 వారములే. మూడవ కాన్పు తరువాత దేహము సగము కాలములోనే కోలుకొనునని శాసనకర్తలకు ఏ వైద్యుడు చెప్పెనో!

చిక్కు సంఖ్యలో లేదు, ఆ సంఖ్యను ఎవరు వ్రాసిపెట్టుచున్నారన్న దానిలో నున్నది. 1934లో వరంగల్లున వెలసిన ఆజంజాహి మిల్లు మూతపడి రెండు దశాబ్దములు దాటినది. నేడీ నగరమున స్త్రీలు పనిచేయునది బట్టల దుకాణములలో, ప్రైవేటు బడులలో, నర్సింగ్ హోములలో, బీడీలు చుట్టు ఇండ్లలో. 1966 నాటి బీడీ చట్టము ఇంట కూర్చుండి చుట్టు స్త్రీకిని ప్రసూతి ప్రయోజనము వర్తింపజేసినది, మేలే. కాని ఆమెకు కూలి కట్టునది వేయి బీడీలకింత యని గాని దినమునకింత యని కాదు గనుక, ఆమె 80 దినములను ఠేకేదారు పుస్తకములో నుండియే వెదకికొనవలెను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాకు కొత్తవాడ ఇండ్లలో కండెలు చుట్టు ఇల్లాలి సంగతి ఇంకను దయనీయము: కూలి భర్త పేర వచ్చుచుండగా ఆమె ఉద్యోగినియే కాదు, ఇక అర్హత ఎక్కడిది?

ఈఎస్ఐ పరిధిలోని స్త్రీకి గడచిన రెండు చందా కాలములలో 70 దినములకు చందా జమయై యుండవలెను. ఆ జమచేయువాడును యజమానియే.

న్యాయస్థానములు ఈ విషయమున ఉదారముగనే నడచినవి. ఢిల్లీ నగరపాలక సంస్థలో దినకూలికి మస్టరు రోలుపై పనిచేయు స్త్రీలును అర్హులేయని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాంట్రాక్టు గడువు ముగిసినంతమాత్రమున ప్రయోజనము ముగియదని 2023లో మరల పలికినది. కాని ఆరవ నెల నిండిన గర్భిణి, పేరు లేని పట్టీని చేతబట్టుకొని, కోర్టు మెట్లెక్కగలదా?

హాజరుపట్టీ ఉంచవలసిన బాధ్యత చట్టము యజమానిపైననే పెట్టినది. ఆ పట్టీ చూపలేనివాని యెదుట, ఆమె 80 దినములు పనిచేసినట్లే భావింపవలెనని ప్రభుత్వము స్పష్టముగా నియమము చేయవలెను. పనిచేయలేదని రుజువుచేయు భారము వానిదే కావలెను.