పడుగువీధిని విడువరాదు: పేరాల పురజనులకు విన్నపము



గతవారము మన నేతవీధిలో వేకువజామున సాచిన పడుగును ఒక సరకుల లారీ త్రొక్కి, తెంచి, ఆగకయే పోయిన సంగతి మీరెల్లరు నెఱిగినదే. నాలుగు చీరల కగు నూలు, వేలకొలది పోగులు, మట్టిపాలయ్యెను. ఆ యింటి ఇల్లాలు రాత్రింబవళ్లు ఆసు పోసిన శ్రమమునకు వెలకట్టి యిచ్చిన వాడు లేడు. పైపెచ్చు, వీధి యున్నది బండ్లకొఱకే గాని పడుగులకొఱకు గాదనియు, ఇకమీదట ఎవ్వరును వీధిలో పడుగు సాచరాదనియు, నీడనిచ్చు వేపచెట్లను గూడ కొట్టివైచి బాటను వెడల్పు చేయవలెననియు ఒక మాట ఊరిలో పుట్టినది. నష్టపడినవాడు నేరస్థుడైనాడు! ఈ మాట తీర్మానమై కాగితమున కెక్కకమునుపే దాని నడ్డుకొనవలయును.

గంజి పట్టని నూలు మగ్గమున నిలువదు. గుంటమగ్గముపై నాడె యాడినంతసేపును పోగు తెగకుండుటకు గంజియే బలము. ఆ గంజి పోగుపోగునకు సమముగా అంటవలె ననిన, పడుగును నిడువుగా సాచి, రెండు కొనలను బిగించి, ఇరుప్రక్కల మనుష్యులు నిలిచి, కుంచెతో దువ్వుచు ఈ కొననుండి ఆ కొనకు పలుమాఱులు నడువవలయును. అంత నిడివి మన యిండ్లలో ఏ యింటను లేదు. ఎండ ముదిరెనా, గంజి పెళుసెక్కి పోగు విఱుగును. చినుకు పడెనా, చేసినదంతయు చెడును. కావుననే పొద్దు పొడువకమునుపు, చెట్లనీడను, వీధి నడుమ ఈ పని జరుగుచున్నది. ఇది ఒక్క కుటుంబమునకు సాధ్యమగు పనియును గాదు. నేడు మా పడుగునకు మీరు, రేపు మీ పడుగునకు మేము. దీనికి కూలి లేదు, పత్రము లేదు, సాక్షి లేడు. మాటలాడుకొనని అన్నదమ్ములు సైతము పడుగుకడ చెఱియొక ప్రక్కను నిలిచిన దినములు ఈ వీధి చూచినది. మన పేటలో ఇరుగుపొరుగు అనునది పడుగు పట్టుటలోనే పుట్టి, పడుగు పట్టుటలోనే పెరిగినది.

ఆ ఐకమత్యము ఎంతపని చేయగలదో 1921లో దేశమంతయు చూచినది. చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చి, ఏటికి 4,000 రూపాయలుగా నున్న పన్నును 40,000 రూపాయలకు పెంచిన ఆంగ్ల ప్రభుత్వమునకు మన తాతముత్తాతలు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, ఎదురు నిలిచిరి. పన్ను కట్టక చెఱసాల కేగినవారిలో స్త్రీయు నుండెను. ఆ యేడు ఏప్రిల్ మాసమున గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్ను నిరాకరించి శాంతముతో శిక్షల ననుభవించుట యొక మార్గమనియు, మునిసిపాలిటీ పొలిమేర దాటి వెడలిపోవుట వేఱొక మార్గమనియు చెప్పగా, మనవారు ఊరినే విడిచిరి. సుమారు 15,000 జనాభాలో అత్యధికులు, మండు వేసవిలో, పసిపిల్లలతోను ముదుసళ్లతోను పొలిమేర దాటి, తాటియాకుల పాకలు వేసికొని, ఆ తావునకు రామనగరమని పేరిడి, 11 నెలలు కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారి సేవాదళమగు రామదండు వారికి అండగా నిలిచెను. తమ తగవులను తీర్చుకొనుటకు తామే పంచాయతి నేర్పఱచుకొనిరి. మగ్గమును విప్పి మోయవచ్చును గాని మగ్గపు గుంటను మోయలేము. నేతవాడు ఇల్లు విడుచుట యనగా కూడు విడుచుటయే యని యెఱిగియు వారు కదలిరి. ప్రతి వేకువను ఒకరి పడుగునకు ఒకరు నిలుచుట యలవాటైన వీధులు గనుకనే ఒక్క మాటపై ఒక్కటిగా కదలగలిగినవని నేను నమ్ముచున్నాను. చివరకు తిరిగి వచ్చిరి గదా యని సాధించువారితో వాదించు ఓపిక నాకు లేదు. 11 నెలలు ఎండకు వానకు పాకలలో నిలిచినవారిని ఓడిపోయినవారని నేనెన్నడు ననను.

సౌమ్యముగా చెప్పవలసినది చెప్పితిని. వీధి బండ్లదే యనుచున్నవారు ఇప్పుడు సమాధానము చెప్పవలయును. ఈ వీధిలో ముందు నడచినది పడుగు. లారీ నిన్న వచ్చినది. చేనేతకు రక్షణయని 1985లో చట్టము చేసి 22 రకముల వస్త్రములను మగ్గమునకే ప్రత్యేకించిరి. పిమ్మట వానిని 11కు కుదించిరి. బట్టను సగము కాపాడిన చట్టము, ఆ బట్టకు మూలమైన పడుగు సాచుటకు మూరెడు నేలను కాపాడలేదు. 2014లో వీధివర్తకుల చట్టము వచ్చినది. తోపుడుబండివానికి వీధిలో జీవనహక్కు కలదని అది యొప్పుకొన్నది. పట్టణ విక్రయ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ గాకుండ వారి ప్రతినిధులే యుండవలెనని శాసించినది. అది న్యాయము. ఆ న్యాయము నేతవాని గడపకడకు వచ్చునప్పటికి ఏల ఆగిపోవలయును? సభలలో నేతన్నకు శాలువ కప్పి, ఆ శాలువ నేసిన వీధిని లారీకి ధారపోయుట అన్యాయము, కృతఘ్నత. దానిని అభివృద్ధి యని పిలుచుటకు మనము సమ్మతింపము.

యంత్రముపై గంజి పట్టిన పడుగు కొనుక్కొనవచ్చునందురు. దాని వెలను మజూరీలోనుండియే గదా కోయుదురు! రోగిని కొనిపోవు వాహనము వచ్చిన నేమి గతి యందురు. అట్టి వాహనము వచ్చినప్పుడు పడుగును వదులుచేసి ప్రక్కకు జరిపి దారి యిచ్చుట ఈ వీధికి క్రొత్త కాదు. ఆ రోగియు మనవాడే.

మనము కోరవలసినది స్వల్పము. తెల్లవారుజామునుండి ఉదయము 9 గంటలవఱకు నేతవీధులలోనికి సరకుల బండ్లు రాగూడదని తీర్మానము కావలయును. వీధి రెండు కొనలయందును అడ్డుకఱ్ఱలు నిలిపి, వాని కాపుదలను వీధివారికే యప్పగింపవలయును. ఒక్క వేపచెట్టునైనను వీధివారి సమ్మతి లేక కొట్టగూడదు. తెగిన పడుగునకు నూలు వెలయు, కూలియు చెల్లింపబడవలయును. రామనగరమునకు నడచిన కుటుంబముల పేర్లను, ఎఱిగిన వృద్ధులు జీవించియుండగనే, ఇంటింట అడిగి వ్రాసి వీధి మొగను ఱాతిపై చెక్కింపవలయును.

వచ్చు ఆదివారము సాయంకాలము రామమందిరపు అరుగుకడ అర్జీ సిద్ధముగా నుండును. ప్రతి యింటినుండి ఒక పురుషుడును ఒక స్త్రీయు వచ్చి చేవ్రాలు చేయవలయును. ఆసు పోయు చేతుల చేవ్రాలు లేక ఆ అర్జీ పంపబడదు. మఱునాటి వేకువనుండి, పడుగు సిద్ధముగా నున్న ప్రతి యిల్లును, ఈ కొననుండి ఆ కొనవఱకు, దానిని వీధిలోనే సాచవలయును. తీర్మానము వ్రాతమూలముగా మన చేతికి వచ్చువఱకు, ఎవరు వచ్చి యెత్తుమనినను ఒక్క పడుగును ఎత్తము.